గాజు తీగతో రసాయనాల జాడ

ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుక కంటే కాస్త మందంగా ఉండే గాజు తీగ. దాని వ్యాసం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కాంతి నడిచే నడిమి భాగాన్ని కోర్ అంటారు. టెలికాం తీగల్లో ఆ కోర్ మందం తొమ్మిది మైక్రాన్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. హైదరాబాద్‌లో అబిడ్స్, నాంపల్లి రోడ్ల కింద ఫోన్ మాటల్నీ ఇంటర్నెట్‌నీ మోసుకుపోయేది ఇలాంటి తీగే. నీటిలో ఆక్సిజన్ ఎంత కరిగి ఉందో, గనిలో మీథేన్ ఎంత పేరుకుందో, ట్యాంకులో రసాయనం ఏ ఎత్తున ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి కూడా ఈ తీగను వాడతారు. అలా కొలతకు పనికొచ్చేలా అమర్చిన తీగే ఆప్టికల్ ఫైబర్ సెన్సర్.

కోర్ చుట్టూ క్లాడింగ్ అనే మరో గాజు పొర ఉంటుంది. దాని వక్రీభవన గుణకం కోర్ కంటే కొంచెం తక్కువ. అందువల్ల కోర్‌లోకి తగిన కోణంలో ప్రవేశించిన కాంతి అంచును తాకినప్పుడల్లా లోపలికే తిరిగి వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో సంపూర్ణాంతర పరావర్తనం అని చెప్పేది ఇదే. వంపు తిరిగిన నీటిధార వెంట కాంతి కూడా వంగి ప్రయాణిస్తుందని 1840ల్లోనే జెనీవాలో డానియెల్ కొలాడన్ చూపించాడు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజు తీగల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని 1954లో నిరూపించాడు. గాజులోని మలినాలను తొలగిస్తే కాంతిని కిలోమీటర్ల దూరం పంపవచ్చని 1966లో చార్లెస్ కావో చెప్పాడు. 1970లో కార్నింగ్ సంస్థ అంతటి శుద్ధమైన తీగను తయారు చేసింది. ఇప్పటి మేలురకం తీగలో 15 కిలోమీటర్లు నడిచాక కూడా దాదాపు సగం కాంతి మిగిలే ఉంటుంది.

తీగ వంగినా, వేడెక్కినా, సాగినా లోపలి కాంతిలో చిన్న మార్పు వస్తుంది. టెలికాం ఇంజనీరుకు ఆ మార్పు ఒక తలనొప్పి. సెన్సర్ తయారుచేసేవారికి కావలసింది అదే. కాంతి తీవ్రత తగ్గిందా, రంగు మారిందా, వెలుగు ఎంతసేపు నిలిచింది, ఎంత దూరం నుంచి తిరిగి వచ్చింది అనే నాలుగు ప్రశ్నల చుట్టూనే ఈ కొలతలన్నీ తిరుగుతాయి.

కొలిచే చోట విద్యుత్తు అవసరం లేకపోవడం ఈ తీగకున్న మొదటి సుగుణం. కరెంటు లేదు కాబట్టి నిప్పురవ్వ పుట్టే భయం ఉండదు. పక్కన మోటార్లు, హైటెన్షన్ తీగలు ఉన్నా కొలత చెదరదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, గాఢమైన క్షారాలు గాజును తినేస్తాయి గాని, మిగతా చాలా రసాయనాలను అది తట్టుకుంటుంది. కొలిచే పరికరాన్ని కిలోమీటర్ల దూరంలో భద్రమైన గదిలో పెట్టి, ప్రమాదం ఉన్న చోటికి తీగను మాత్రమే పంపవచ్చు.

ఈ సెన్సర్లలో అన్నిటికన్నా సులువుగా అర్థమయ్యేది తీగ కొసన రంగు అద్దే పద్ధతి. ఫీనాల్ రెడ్ అనే రంగు ఆమ్లంలో పసుపుగా, క్షారంలో ఎర్రగా కనిపిస్తుంది. 1980లో అమెరికాలో పీటర్సన్, గోల్డ్‌స్టీన్, వారి సహచరులు ఆ రంగును సన్నని పూసలకు పట్టించి, ప్లాస్టిక్ తీగల కొసన ఒక చిన్న పొరగొట్టంలో అమర్చారు. ఆకుపచ్చ కాంతిని పంపితే పీహెచ్‌ను బట్టి ఆ పూసలు ఎక్కువో తక్కువో పీల్చుకుంటాయి. ఎర్ర కాంతి మాత్రం పీహెచ్ ఎంత ఉన్నా ఒకేలా తిరిగి వస్తుంది. రెండింటి నిష్పత్తి చూస్తే బల్బు మసకబారినా, తీగ కాస్త వంగినా లెక్క తప్పదు. రక్తం కొలవడానికి పుట్టిన ఈ ఉపాయం తర్వాత నీటి పరీక్షకూ వచ్చింది. దీనికో హద్దు ఉంది. ఒక్కో రంగు రెండు మూడు పీహెచ్ అంకెల మేరకే సరిగ్గా పనిచేస్తుంది. తాగునీటికి భారత ప్రమాణం పెట్టిన పరిధి 6.5 నుంచి 8.5 వరకు. సరైన రంగును ఎంచుకుంటే ఈ పనికి ఒక్కటి చాలు.

నీటి ఆరోగ్యం చెప్పే కొలతల్లో కరిగిన ఆక్సిజన్‌ది ముఖ్యస్థానం. నాంపల్లికి ఉత్తరాన కొద్ది దూరంలో ఉన్న హుస్సేన్‌సాగర్‌ను 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించారు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు అందులో కలుస్తాయి. బాలానగర్, జీడిమెట్ల వైపు నుంచి పారిశ్రామిక వ్యర్థాలు వచ్చింది ప్రధానంగా కూకట్‌పల్లి నాలా వెంటే. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తినేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం చేపలు బతికే నీటిలో లీటరుకు కనీసం నాలుగు మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. ముప్పై డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు పట్టుకోగలిగేదే ఏడున్నర మిల్లీగ్రాములు.

ఈ ఆక్సిజన్‌ను కొలిచే పాత పద్ధతి 1888 నాటి వింక్లర్ పద్ధతి. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో, గాలి బుడగ చేరకుండా నీరు పడతారు. అందులో మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత ఆమ్లం పోసి, ల్యాబులో టైట్రేషన్ చేసి లెక్క కడతారు. ఇది నమ్మదగిన పద్ధతే. కానీ అది చెప్పేది సీసాలో నీరు పట్టిన క్షణం సంగతి మాత్రమే. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి ఆ నాచే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకు పడేది తెల్లవారుజామున. ఉదయం పది గంటలకు పట్టిన సీసాలో ఆ పతనం కనిపించదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి. అందుకే వారు రాత్రి వేళ ఏరియేటర్లు ఆపరు. అలాంటి చోట ఆప్టికల్ పద్ధతి బాగా పనికొస్తుంది. ప్లాటినం, రుథీనియం వంటి లోహాల సమ్మేళనాన్ని పలుచని పొరగా తీగ కొసకు పూస్తారు. దానిపై నీలి లేదా ఆకుపచ్చ కాంతి పడితే అది ఎర్రగా ప్రతిదీప్తిస్తుంది. ఆక్సిజన్ అణువు తగిలితే ఆ వెలుగు ముందే ఆరిపోతుంది. నీటిలో ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఉంటే వెలుగు ఆయుష్షు అంత తక్కువ. ఆ ఆయుష్షు మైక్రోసెకన్లలో ఉంటుంది, పరికరం దాన్నే కొలుస్తుంది. వెలుగు ఎంత ఉందన్నది కాక ఎంతసేపు నిలిచిందన్నది చూస్తుంది కాబట్టి, పూత కొంచెం వెలిసిపోయినా జవాబు పెద్దగా మారదు.

1950ల్లో లీలాండ్ క్లార్క్ తయారుచేసిన ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ కంటే దీనికి రెండు విషయాల్లో పైచేయి ఉంది. ఎలక్ట్రోడ్ కొలిచే క్రమంలో ఆక్సిజన్‌ను తనే ఖర్చు చేస్తుంది కనుక దాని ముందు నీరు కదులుతూ ఉండాలి. తీగ కొసన పూసిన పొర ఆక్సిజన్‌ను ఖర్చు చేయదు, నిలవనీటిలోనూ సరిగ్గా చెబుతుంది. ఇక నాలాల్లో కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎలక్ట్రోడ్‌లోని లోహాన్ని పాడుచేస్తుంది. ఆప్టికల్ పొరకు ఆ బాధ లేదు.

రంగు పూత ఏదీ లేకుండా, పదార్థం తనంతట తాను పీల్చుకునే కాంతిని చూసి గుర్తుపట్టడం రెండో దారి. నీటిలోని సేంద్రియ పదార్థాలు చాలావరకు 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. ఎంత పీల్చుకున్నాయో చూసి నీటిలో సేంద్రియ కాలుష్యం ఎంతో అంచనా కడతారు. ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు తమ వ్యర్థాలను నిరంతరం ఆన్‌లైన్‌లో కొలవాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. ఆ జాబితాలో మందుల పరిశ్రమ ఉంది కాబట్టి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలకు ఇది నేరుగా సంబంధించిన విషయం. ఇలాంటి కొలతలకు వాడే పరికరాల్లో అతినీలలోహిత పద్ధతి ఒకటి. అందులో కాంతిని నీటిలోకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చే పనికి సిలికా తీగ సరిపోతుంది.

మీథేన్ 1.65 మైక్రాన్ల దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఆ తరంగదైర్ఘ్యం టెలికాం తీగలో తేలికగా ప్రయాణించేదే కావడం ఒక కలిసివచ్చిన సంగతి. ఇది బొగ్గు గనులకు పనికొచ్చే విషయం. నాంపల్లిని ఆనుకుని ఉన్న రెడ్‌హిల్స్‌లో బొగ్గు గనుల సంస్థ సింగరేణి భవన్ ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన దగ్గర్నుంచి మొదలైన గనుల చరిత్రకు అది హైదరాబాద్ చిరునామా. భూగర్భ గనిలో మీథేన్ గాలిలో ఐదు నుంచి పదిహేను శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే 1.25 శాతం దాటగానే కరెంటు ఆపాలని భారత నిబంధనలు చెబుతాయి. మామూలు మీథేన్ డిటెక్టర్‌లో వేడెక్కే చిన్న పూస ఉంటుంది. దానికి కరెంటు కావాలి, ఆక్సిజన్ కావాలి. సిలికోన్ ఆవిరి తగిలితే అది మొద్దుబారుతుంది కూడా. ఫైబర్ పద్ధతిలో లేజర్ గని పైన గదిలోనే ఉంటుంది. గనిలోకి దిగేది గాజు తీగ, దాని కొసన గాలి చొరబడే చిన్న గొట్టం మాత్రమే. కరెంటు ఆపేసిన తర్వాత కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. ప్రమాద సమయంలో గనిలోకి మనుషుల్ని పంపాలా వద్దా అని తేల్చుకోవలసినప్పుడు కావలసిన సమాచారం అదే.

మూడో దారిలో తీగ పక్క భాగాన్నే వాడతారు. కోర్ అంచు దగ్గర కాంతి పూర్తిగా లోపలే ఉండదు, మైక్రాన్ కంటే తక్కువ దూరం బయటికి చొచ్చుకువస్తుంది. క్లాడింగ్ తీసేసిన చోట ఆ కాంతి చుట్టూ ఉన్న ద్రవాన్ని తాకుతుంది. అక్కడ యాభై నానోమీటర్ల మందాన వెండి లేదా బంగారం పూస్తే, కాంతిలో ఒక రంగు ప్రత్యేకంగా తగ్గిపోతుంది; బయట ద్రవం వక్రీభవన గుణకం ఏమాత్రం మారినా ఆ తగ్గే రంగు కూడా మారుతుంది. ఆ లోహంపై ఫలానా పురుగుమందు అణువుకే అతుక్కునే పొరను వేసి ఆ మందును గుర్తించే ప్రయోగాలు చాలా జరిగాయి. 1978లో కెనడాలో కెనెత్ హిల్ బృందం కనిపెట్టిన బ్రాగ్ గ్రేటింగ్ ఈ కోవలో మరో మెట్టు. కోర్‌లో క్రమమైన గీతల్లాంటి మార్పు చేస్తే అది ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి తిప్పుతుంది. తీగ సాగితే ఆ తరంగదైర్ఘ్యం జరుగుతుంది. హైడ్రోజన్ పీల్చుకుని ఉబ్బే పల్లాడియంను దానిపై పూస్తే హైడ్రోజన్ సెన్సర్ తయారవుతుంది. తేమకు ఉబ్బే పాలీఇమైడ్ పూస్తే తేమ తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, ఒక్క డిగ్రీ వేడి పెరిగినా తరంగదైర్ఘ్యం సుమారు పది పికోమీటర్లు జరుగుతుంది. అందువల్ల పూత లేని రెండో గ్రేటింగ్‌ను పక్కనే పెట్టి, వేడి వల్ల వచ్చిన మార్పును తీసివేయాలి.

ఇప్పటివరకు చెప్పినవి ఒక చోటనో, కొన్ని చోట్లనో కొలిచే పద్ధతులు. తీగ పొడవంతా కొలిచే పద్ధతి సర్ సీవీ రామన్ 1928లో కనిపెట్టిన ఎఫెక్ట్ మీద ఆధారపడింది. లేజర్ కాంతి గాజు అణువులను తాకినప్పుడు అందులో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వెనక్కి వస్తుంది. శక్తి కోల్పోయి వచ్చే భాగాన్ని స్టోక్స్ అని, శక్తి పుంజుకుని వచ్చే భాగాన్ని యాంటీ స్టోక్స్ అని అంటారు. గాజు వేడెక్కితే యాంటీ స్టోక్స్ బాగా పెరుగుతుంది, స్టోక్స్ అంతగా మారదు. రెండింటి నిష్పత్తి ఆ చోటి ఉష్ణోగ్రతను చెబుతుంది. ఏ చోటిదో తెలిసేది కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం లెక్కగట్టినట్టే. గాజులో కాంతి నానోసెకనుకు ఇరవై సెంటీమీటర్లు నడుస్తుంది. పది నానోసెకన్ల పల్స్ పంపితే, పోయి వచ్చే దారి కలుపుకుని, ఒక్కో మీటరు ఉష్ణోగ్రత విడివిడిగా తెలుస్తుంది. పది కిలోమీటర్ల తీగ అంటే పది వేల థర్మామీటర్లు. వెనక్కి వచ్చే కాంతి చాలా బలహీనం కాబట్టి, కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల పాటు పల్సులు పంపి సగటు తీయవలసి ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. కనీసం 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి నిలవ ఉన్న ట్యాంకులో స్టైరీన్ తనలో తాను కలిసి పాలిమర్‌గా మారడం మొదలుపెట్టింది. ఆ చర్య వేడి పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను మరింత పెంచుతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ నియమించిన జస్టిస్ శేషశయనారెడ్డి కమిటీ తన నివేదికలో ఒక విషయం గుర్తించింది. అది పాత నమూనా ట్యాంకు, దాని మధ్య భాగంలోనూ పైభాగంలోనూ ఉష్ణోగ్రత సెన్సర్లు లేవు. అడుగున కొలత ఉంది, వేడి పెరిగింది పైన. స్టైరీన్‌ను అదుపులో ఉంచే టీబీసీ అనే రసాయనం పనిచేయాలంటే ఆక్సిజన్ కావాలి. ద్రవం పైన ఉన్న ఖాళీలో ఆక్సిజన్‌ను గమనించే ఏర్పాటు కూడా లేదని కమిటీ పేర్కొంది.

ఆ రెండు లోపాలూ ఈ సెన్సర్ల పరిధిలోకి వచ్చేవే. నిలువు గొట్టం చుట్టూ తీగను దగ్గర దగ్గరగా చుట్టి ట్యాంకులో దించితే, మీటరు కాదు, సెంటీమీటర్ల తేడాతో పై నుంచి అడుగు దాకా ఉష్ణోగ్రత తెలుస్తుంది. మండే ఆవిరి మధ్య ఆక్సిజన్ కొలవడానికి నిప్పురవ్వ పుట్టించని ఆప్టికల్ పొర సరిపోతుంది.  

తీగ పొడవంతా ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి పైపులైన్లకు కూడా పనికొస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. ఒత్తిడిలో ఉన్న సహజవాయువు రంధ్రం నుంచి బయటికి వచ్చేటప్పుడు వ్యాకోచించి చల్లబడుతుంది. పైపు పక్కనే పాతిన తీగ ఆ చల్లదనాన్ని పట్టుకుని ఎన్నో మీటరు దగ్గర లీకైందో చెప్పగలదు.

ఇన్ని సుగుణాలున్నా ఇది అన్ని పనులకూ పనికొచ్చే సాధనం కాదు. నల్లగొండ ఫ్లోరైడ్ సమస్యే దీనికి మంచి ఉదాహరణ. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు లేని చోట 1.5 వరకు సహించవచ్చని ప్రమాణం. ల్యాబులో జిర్కోనియంతో కలిసిన ఎర్ర రంగును వాడతారు. ఫ్లోరైడ్ జిర్కోనియంను లాగేసుకుంటే రంగు పలచబడుతుంది. కానీ ఒకసారి పలచబడిన రంగు తిరిగి రాదు. నిరంతరం కొలవాలంటే చర్య వెనక్కి మళ్లగలగాలి. ఆక్సిజన్‌కూ పీహెచ్‌కూ ఆ గుణం ఉంది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, చాలా పురుగుమందుల విషయంలో అలాంటి పొరలు ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి.

నీటిలో దించిన ఏ సెన్సర్‌కైనా పాచి పడుతుంది. హుస్సేన్‌సాగర్ వంటి నీటిలో కొద్ది రోజులకే జిగురు పొర పేరుకుని, అది చెప్పేది చెరువు సంగతి కాక ఆ జిగురు సంగతి అవుతుంది. అందుకే చిన్న వైపర్ పెడతారు, మనిషి వెళ్లి తుడిచి క్యాలిబ్రేషన్ చూస్తాడు. రంగు పూత నెమ్మదిగా నీటిలోకి కారిపోతుంది, పొరను ఎప్పటికప్పుడు మార్చాలి. తీగ చౌకే గాని, కాంతిని పంపి చదివే పరికరం ఖరీదైనది. ఒక్క చోట కొలవడానికి దాన్ని కొనడం దండగ, వందల చోట్ల ఒకేసారి కొలిచేటప్పుడే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది.

గాలిలో ధూళి కొలతకు ఇది ప్రత్యామ్నాయం కాదు. గాలి నాణ్యతను గమనించే జాతీయ కార్యక్రమం కింద అబిడ్స్ వంటి కూడళ్లలో వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు ఫిల్టర్ పేపర్ మీద ధూళిని పట్టి తూకం వేసే పద్ధతి ఉంది. సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల నిరంతర కేంద్రాలు పనిచేస్తున్నాయి. ధూళి బరువును ఫైబర్ తూచలేదు. అదే సమయంలో సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ వంటి వాయువులు పీల్చుకునే రంగులను దూరం నుంచి చూసే పరికరాల్లో, సేకరించిన కాంతిని స్పెక్ట్రోమీటర్‌కు చేర్చేది ఫైబరే.

అన్నిటికన్నా పెద్ద పరిమితి పరికరానిది కాదు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిలవ చేసిన రసాయన డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. వేడినీ ఆవిరినీ పట్టుకునే సాధనాలు అప్పటికే ప్రపంచంలో ఉన్నాయి. కానీ మనుషులు కాపురముండే ఇంటి కింద రసాయనాల గోదాము ఉందని ఏ రికార్డులోనూ లేకపోతే అక్కడ సెన్సర్ పెట్టేవాళ్లే ఉండరు. ఏ రసాయనం ఎక్కడ, ఎంత నిలవ ఉందో ముందు నమోదు కావాలి. ఏ ఎత్తున, ఏ గంటలో, ఎన్ని చోట్ల కొలవాలో తర్వాత తేల్చుకోవాలి. అలారం మోగితే ఎవరు కదలాలో రాసి పెట్టుకోవాలి. ఈ మూడూ కుదిరిన చోటనే గాజు తీగ మీద పెట్టిన ఖర్చు ప్రాణాలు కాపాడుతుంది.